పప్పు ఉడకని నీళ్ళతో తలకు పోసుకుంటే

మా అక్క కూతురు బెంగళూరులో చదువుకుంటోంది. ఉంగరాల జుట్టు. సెలవులకు కడపకు వచ్చిన ప్రతిసారీ వారం తిరక్కుండానే మొదలుపెడుతుంది. "చిన్నమ్మా, అక్కడ రింగులు రింగులుగా ఎంత బాగుంటాదో! ఇక్కడ రెండుసార్లు తలకు పోసుకుంటే చాలు, బిరుసెక్కి పైకి లేస్తాది." ఈ ఎండాకాలం ఫోన్లో కొన్ని షాంపూ సీసాలు చూపించి, వీటిలో ఏది కొనమంటావని అడిగింది. ఏదీ ఏడెనిమిది వందలకు తక్కువ లేదు. అన్నిటి మీదా ఒకటే పాట: సల్ఫేట్ (నురగనిచ్చే డిటర్జెంట్) లేదు, సిలికాన్ (జుట్టుకు నునుపునిచ్చే పూత) లేదు, పారాబెన్ (సీసా చెడిపోకుండా వేసేది) లేదు, కర్లీ హెయిర్‌కు ప్రత్యేకం.

మీ హాస్టల్లో ఏం నీళ్ళొస్తాయని అడిగాను. కావేరి నీళ్ళంది. ఇక్కడ మన ఇంట్లో బోరు. తల అదే, షాంపూ కూడా అక్కడినుంచి బ్యాగులో పెట్టుకొచ్చిన సీసానే. మారింది నీళ్ళు మాత్రమే. అయినా ఆ పిల్ల అనుమానం షాంపూ మీదకు, ఆ తర్వాత తన జుట్టు మీదకు పోయింది కానీ కొళాయి మీదకు పోలేదు. ఆ పిల్ల ఒక్కతే కాదు. ఉంగరాల జుట్టు గురించి తెలుగులో వచ్చే వీడియోలు, సలహాలు నేను చాలానే చూశాను. జుట్టు రకం అడుగుతారు, మాడు జిడ్డా పొడా అని అడుగుతారు, బడ్జెట్ అడుగుతారు. మీ ఊరి నీళ్ళెలాంటివని అడిగినవాళ్ళు నాకు దాదాపు కనబడలేదు.

నాదీ ఉంగరాల జుట్టే. పైగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. ఈ రెండూ కలిసి నా అభిప్రాయాన్ని గట్టిపరిచాయి. కడపలోనూ, ఆ మాటకొస్తే సీమలో బోరు మీద బతికే ఏ ఊళ్ళోనైనా, ఉంగరాల జుట్టుకు షాంపూ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది నీళ్ళని. నీళ్ళు తెలియకుండా సీసా వెనక పేర్లు ఎన్ని చదివినా సగం డబ్బు వృథా అవుతుంది.

న్యూయార్క్ నుంచి వచ్చిన నియమాలు

సల్ఫేట్ వద్దు, సిలికాన్ వద్దు, వీలైతే షాంపూనే వద్దు, కండిషనర్‌తోనే తల కడుక్కోండి అనే పద్ధతిని లోకానికి పరిచయం చేసింది లొరైన్ మాసీ అనే హెయిర్ స్టైలిస్ట్, 2001లో, న్యూయార్క్ నుంచి. కర్లీ గర్ల్ మెథడ్ అంటే అదే. ఆమె చేసిన మేలును నేను తక్కువ చేయను. ఉంగరాల జుట్టును సాఫీ చేసుకోవాల్సిన లోపంగా చూడకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు పెంచుకోవచ్చని లక్షలమంది ఆడపిల్లలకు ధైర్యమిచ్చింది.

కానీ న్యూయార్క్ కొళాయిల్లో వచ్చే నీళ్ళు చాలావరకు క్యాట్‌స్కిల్ కొండల్లో, డెలవేర్ నది ఎగువన ఉన్న రిజర్వాయర్లవి. సున్నపురాయి పెద్దగా తగలని దారిలో వచ్చే వాన నీళ్ళు, మంచు నీళ్ళు. అవి చాలా మెత్తని నీళ్ళు, అంటే కాల్షియంలాంటి లవణాలు తక్కువున్నవి. ఆ నీళ్ళలో తక్కువ శక్తి ఉన్న షాంపూ చాలు, ఒక్కోసారి ఉత్త కండిషనర్ చాలు. జుట్టు మీద పేరుకునేది పెద్దగా ఏమీ లేదు కదా.

మరి మన సంగతి? మన కాళ్ళ కింద ఏముందో చూసుకోవడానికి భూగర్భ శాస్త్రం చదవక్కర్లేదు. ఇంట్లో పరిచిన కడప బండ సున్నపురాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ సున్నపురాయి కోసమే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఏర్పడింది కూడా నీళ్ళు ఆ రాయిని లక్షల ఏళ్ళుగా కరిగించుకుంటూ పోవడం వల్లే. అలా రాయిలోంచి కరిగిన కాల్షియం, మెగ్నీషియం భూమిలో నీళ్ళలో కలుస్తాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోర్లు ఏటేటా లోతుకు. కాబట్టి ఆ లవణాలు పలచబడే అవకాశమూ తక్కువే. హీటర్ రాడ్ మీద తెల్లగా పేరుకునే పెంకు, కొత్త కొళాయి చుట్టూ నెల తిరక్కుండానే పట్టే మచ్చలు ఈ కాల్షియమే.

ఈ నీళ్ళను మా అవ్వ ఒకే ఒక్క ప్రశ్నతో తేల్చేసేది: "ఆ నీళ్ళలో కందిపప్పు ఉడుకుతుందా?" కొత్తగా ఎవరి ఇంట్లో బోరు వేసినా మొదట అడిగేది అదే. ఉడకకపోతే అవి ఉప్పు నీళ్ళు, బట్టలకూ గిన్నెలకూ తప్ప పనికిరావని తీర్పు. శాస్త్రం ప్రకారం కూడా అది సరైన పరీక్షే. పప్పు గింజను జిగురులా పట్టి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం గట్టిగా పట్టేసుకుంటుంది, గింజ మెత్తబడదు. పప్పునే మెత్తబడనివ్వని నీళ్ళతో వారానికి రెండుసార్లు తలకు పోసుకుంటూ, షాంపూ సరిగా పనిచేయడం లేదని అనుకుంటున్నాం.

బ్యూరెట్‌లో కనబడేది

మా ల్యాబ్‌లో పిల్లలు నీటి కఠినత్వం, అంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయన్నది, కొలిచే ప్రయోగం చేస్తారు. నీళ్ళలో అమ్మోనియా బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగుపొడి చిటికెడు వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. పైనుంచి బ్యూరెట్‌లో, అంటే గీతలున్న సన్నటి గాజు గొట్టంలోంచి, ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వదులుతారు. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని ఈడీటీఏ పట్టేసుకున్నాక రంగు నీలంగా మారుతుంది. ఒకసారి, ల్యాబ్ నీళ్ళెందుకు, మీ ఇళ్ళనుంచీ హాస్టల్ నుంచీ తెచ్చుకోండన్నాను. కార్పొరేషన్ కొళాయి నీళ్ళకు రంగు త్వరగానే మారింది. హాస్టల్ బోరు నీళ్ళకు ఈడీటీఏ దిగుతూనే ఉంది, రంగు మాత్రం ఎంతకీ మారదు. "మేడమ్, ఇది అయ్యేట్టు లేదు, బ్యూరెట్ మళ్ళీ నింపాలా?" అని అడిగిన అమ్మాయి తలనిండా ఉంగరాల జుట్టు, కొసలు చిట్లిపోయి, లాగి కట్టేసిన జడ. ఆ అమ్మాయికి ఆ రోజు నేను రసాయనశాస్త్రం కన్నా జుట్టు గురించే ఎక్కువసేపు చెప్పాను.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు, ఐఎస్ 10500 ప్రకారం, లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఇక్కడొక మాట. ఆర్వో మెకానిక్‌లు పెన్నులాంటి మీటరు ముంచి చూపించేది టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు. అందులో కఠినత్వం ఒక భాగమే. టీడీఎస్ ఎక్కువుంటే అనుమానించవచ్చు కానీ అదే లెక్క కాదు. జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్ష ల్యాబులను మామూలు జనానికీ తెరిచారు, అక్కడ కొద్ది రుసుముతో చూపించుకోవచ్చు. అదీ కుదరకపోతే ఇంట్లో సీసాలో సగం నీళ్ళు పోసి, కాస్త మామూలు సబ్బు గీకి వేసి గిలకరించండి. నురగ రాకుండా పాలమీగడలా తెట్టు తేలితే మీ నీళ్ళు నేను చెప్పే కోవలోవే.

ఆ నీళ్ళు జుట్టును ఏం చేస్తాయి? వెంట్రుక ప్రోటీన్. తడిసినప్పుడు దాని మీద ఋణావేశం ఉన్న చోట్లుంటాయి. ధనావేశమున్న కాల్షియం అక్కడికి పోయి అతుక్కుంటుంది. రంగు వేసినా, స్ట్రెయిటెనింగ్ చేయించినా, ఎండకు దెబ్బతిన్నా అలాంటి చోట్లు పెరుగుతాయి కాబట్టి అతుక్కోవడమూ పెరుగుతుంది. ఉంగరాల జుట్టుకు ఇంకో ఇబ్బంది ఉంది. మాడు నుంచి వచ్చే సహజమైన జిడ్డు మలుపులు దాటి కొసలదాకా దిగలేదు. మలుపు దగ్గర పైపొర కొద్దిగా లేచి ఉంటుంది. అసలే పొడి, అసలే గరుకు, దానిమీద కాల్షియం. ఒక వెంట్రుక పక్క వెంట్రుకను పట్టుకుని చిక్కు పడుతుంది, రింగు విడిపోతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. 2013లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ట్రైకాలజీలో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, కఠిన జలంలో ఉంచిన జుట్టుకూ డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచిన జుట్టుకూ బలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదన్నారు. తర్వాత 2018లో పాకిస్తాన్ నుంచి వచ్చిన అధ్యయనం బలం తగ్గిందంది. అంటే ఉప్పు నీళ్ళ వల్లే జుట్టు తెగిపోతోందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు ఇంకా చాలవు. జుట్టు ఊడటం గురించి అసలే చెప్పలేం. జుట్టు ఊడుతోందంటే నీళ్ళను తిట్టుకుంటూ కూర్చోకుండా రక్తహీనత, థైరాయిడ్ చూపించుకోవాలి. నేనంటున్నది వేరే విషయం. తెగేదాకా లాగితే ఎంత బలం ఉందన్నది ఒక కొలత. చేతికి గరుకుగా తగలడం, చిక్కు పడటం, రింగు నిలవకపోవడం ఇంకో సంగతి. ఉంగరాల జుట్టువాళ్ళ కష్టమంతా ఈ రెండోదానిలోనే ఉంది.

షాంపూ సబ్బు కాదు కదా, కఠిన జలంలోనూ నురగొస్తుంది కదా అని మా స్టాఫ్ రూంలో ఒక సార్ వాదించారు. నిజమే. షాంపూలోని డిటర్జెంట్లు సబ్బులాగా తెట్టు కట్టవు. అందుకే ఒంటి సబ్బే తలకూ రుద్దుకునే మగపిల్లల ఉంగరాల జుట్టు అన్నిటికన్నా అధ్వానంగా ఉంటుంది. వాళ్ళకు షాంపూకు మారడమే సగం వైద్యం. కానీ తెట్టు కట్టకపోవడం వేరు, అప్పటికే అతుక్కున్న కాల్షియాన్ని ఊడదీయడం వేరు. మామూలు షాంపూ ఆ రెండో పని చేయదు.

సీసా వెనక ఏం చదవాలి

ల్యాబ్‌లో బ్యూరెట్‌లో పోసిన ఈడీటీఏ చాలా షాంపూ సీసాల వెనకా ఉంటుంది: డైసోడియం ఈడీటీఏ, టెట్రాసోడియం ఈడీటీఏ. మా పిల్లలకు ఈ సంగతి చెప్తే ఎగిరి గంతేసి, అయితే మా షాంపూ మంచిదే మేడమ్ అంటారు. అక్కడ ఆగాలి. పేర్లను మోతాదు ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. జాబితా చివర్లో ఉండే ఈడీటీఏ షాంపూ చెడిపోకుండా ఉండటానికి వేసిన రవ్వంత.

లెక్క వేసి చూడండి. కఠినత్వం లీటరుకు 400 మిల్లీగ్రాములనుకుంటే, 15 లీటర్ల బకెట్‌లో 6 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన లవణం ఉన్నట్టు. దాన్నంతా పట్టడానికి సుమారు 22 గ్రాముల డైసోడియం ఈడీటీఏ కావాలి. మనం అరచేతిలో పోసుకునే షాంపూ మొత్తమే 10 గ్రాములుండదు. కాబట్టి ఏ షాంపూ కూడా బకెట్ నీళ్ళను మెత్తబరచలేదు. అలా చెప్పే ప్రకటనను నమ్మకండి. కాల్షియంలాంటి లోహాలను పట్టి లాగేసే కీలేటింగ్ షాంపూ అనేవి ఉన్నాయి, వాటిలో ఈ పదార్థాలు ఎక్కువగా, జాబితాలో కొంచెం పైన ఉంటాయి. సోడియం ఫైటేట్, టెట్రాసోడియం గ్లుటమేట్ డైఅసిటేట్ అనే పేర్లతో కూడా వస్తాయి. వాటిని జుట్టుకు పట్టించి, నీళ్ళు పోయకుండా మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. అప్పుడవి బకెట్‌తో తలపడకుండా జుట్టు మీదున్న కాల్షియం పని పడతాయి. నెలకు ఒకటి రెండుసార్లు చాలు, అంతకన్నా ఎక్కువైతే జుట్టు ఎండిపోతుంది. ఈడీటీఏ భూమిలో త్వరగా విచ్ఛిన్నం కాదు. అందుకే దొరికితే గ్లుటమేట్, ఫైటేట్ ఉన్నవాటివైపే మొగ్గుతాను.

ఇక సల్ఫేట్. సల్ఫేట్ అనే మాట వినగానే బెదిరిపోయే పరిస్థితి వచ్చింది. సోడియం లారిల్ సల్ఫేట్ గట్టిది, సోడియం లారెత్ సల్ఫేట్ దానికన్నా మెత్తనిది. లారెత్ సల్ఫేట్‌తో పాటు కొకామిడోప్రొపైల్ బీటైన్ అనే మెత్తని డిటర్జెంట్ కలిపితే ఇంకా మెత్తబడుతుంది. జుట్టును ఎంత ఎండగడుతుందన్నది మొత్తం తయారీ మీద ఆధారపడుతుంది, ఒక్క పేరు మీద కాదు. సల్ఫేట్ లేదని రాసి, ఓలెఫిన్ సల్ఫొనేట్ వేసే షాంపూలూ ఉన్నాయి, అదీ తక్కువ గట్టిదేం కాదు. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో, దుమ్ములో బండి మీద తిరిగి, వారంలో రెండుసార్లు నూనె పెట్టుకునే మనకు అప్పుడప్పుడూ సల్ఫేట్ ఉన్న షాంపూ అవసరమే. పూర్తిగా మానేసి కండిషనర్‌తోనే కడుక్కుంటే కొందరికి చుండ్రు రావచ్చు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ మాడు మీది జిడ్డును తినే బతుకుతుంది.

సిలికాన్ మీద కూడా ఇంత పగ అక్కర్లేదు. డైమెథికోన్ జుట్టు మీద సన్నటి పొరగా నిలిచి, వెంట్రుకలు ఒకదానికొకటి రాసుకోకుండా చూస్తుంది. గరుకు నీళ్ళ ఊళ్ళో ఆ పొర మేలే చేస్తుంది. షాంపూ వాడేవాళ్ళకు అది కడిగితే పోతుంది. పోదని భయపడాల్సింది షాంపూ పూర్తిగా మానేసినవాళ్ళు. ఆల్కహాల్ అని కనబడగానే సీసా వెనక్కి పెట్టేవాళ్ళను వై.వి. స్ట్రీట్ షాపుల్లో నేనే చూశాను. సెటిల్ ఆల్కహాల్, సెటియరిల్ ఆల్కహాల్ మైనంలాంటి పదార్థాలు. జుట్టును మెత్తబరిచేవే అవి.

అవ్వ మాట, అమ్మ మాట

"మా కాలంలో ఇవన్నీ యాడున్నాయి? సీకాయతో పోసుకుంటే జడ మోకాళ్ళ దాకా దిగేది" అని మా అమ్మ ప్రతిసారీ అంటుంది. దీన్ని పెద్దవాళ్ళ చాదస్తమని తీసేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఇందులో సగం నిజం. సీకాయ, కుంకుడుకాయల్లో మురికి వదిలించేది సపోనిన్‌లు అనే సహజమైన నురగ పదార్థాలు. అవి సబ్బులాగా కాల్షియంతో కలిసి తెట్టు కట్టవు. సీకాయకు కొద్దిపాటి పులుపు గుణం కూడా ఉంది, జుట్టుకు అది పడుతుంది. షాంపూల్లో ఆ గుణం ఉండాలన్నా అన్నిట్లో ఉండదు. 2014లో 123 షాంపూలను పరీక్షించిన ఒక అధ్యయనంలో పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 5.5, అంతకన్నా తక్కువ ఉన్నవి నూటికి నలభై కూడా లేవు. సీకాయలో గంజి కలిపేవాళ్ళు, మందారాకు నలిపి ఆ జిగురు పట్టించేవాళ్ళు. కండిషనర్ చేసే పనిలో కొంత ఆ జిగురే చేసేది.

మిగతా సగం మాత్రం వేరు. అమ్మ చిన్నప్పుడు వాళ్ళూళ్ళో తలకు పోసుకుంది చేదబావి నీళ్ళతో. వందల అడుగుల లోతు బోరు నీళ్ళతో కాదు. ఇంకో సంగతి, అప్పట్లో ఉంగరాల జుట్టును విరబోసుకునే పిల్లే లేదు. నూనె దట్టించి, బిగించి రెండు జడలు వేస్తే బిరుసు ఎవరికి కనబడుతుంది? ఉంగరాలే కనబడనప్పుడు అవి నిలిచాయో లేదో ఎవరూ చూడలేదు. పైగా సీకాయ పొడి రవ్వలు సాఫీ జుట్టులోంచి సులభంగా పోతాయి, రింగుల్లో ఇరుక్కుంటాయి. వాటిని వదిలించడానికి దువ్వితే ఉన్న జుట్టు తెగుతుంది. సీకాయ వాడాలనుకునేవాళ్ళు పొడి వద్దు, కాయలు నానబెట్టి ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టిన రసం వాడండి.

కొబ్బరినూనె విషయంలో అమ్మదే గెలుపు. తలకు పోసుకునే ముందు కొబ్బరినూనె పెడితే జుట్టు కోల్పోయే ప్రోటీన్ తగ్గుతుందని, మినరల్ ఆయిల్‌కూ సన్‌ఫ్లవర్ ఆయిల్‌కూ ఆ గుణం లేదని 2003లో జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్‌లో మన దేశ పరిశోధకులే చూపించారు. వాళ్ళు కొబ్బరినూనె అమ్మే కంపెనీ ఉద్యోగులన్నది గుర్తుపెట్టుకునే ఆ ఫలితాన్ని నేను ఒప్పుకుంటున్నాను. గంట, రెండు గంటల ముందు కొసలకు పెడితే చాలు, మాడు నిండా వంపుకోవాల్సిన పనిలేదు.

ఖర్చు ఎక్కడ పెట్టాలి

నా సలహా అడిగినవాళ్ళకు చెప్పేది ఇదే. షాంపూ మీద తక్కువ, కండిషనర్ మీద ఎక్కువ ఖర్చు పెట్టండి. షాంపూ మాడు మీద రెండు నిమిషాలుండి పోతుంది. కండిషనర్‌లోని సెట్రిమోనియం క్లోరైడ్, బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ లాంటివి ధనావేశంతో జుట్టుకు అతుక్కుని నిలుస్తాయి, గరుకుదనాన్ని కప్పుతాయి. షాంపూను చెంబులో కాసిని నీళ్ళలో కలిపి మాడుకు మాత్రమే వేళ్ళ కొసలతో రుద్దండి. కారే నురగ కొసలకు సరిపోతుంది. కండిషనర్ చెవుల కింద నుంచి కొసల దాకా, అది జుట్టులో ఉండగానే వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తీసేయాలి. ఆరాక దువ్వితే రింగు పోతుంది. తుడుచుకోవడానికి టర్కీ టవల్ వద్దు, మెత్తబడిన పాత నూలు పంచె మంచిది. గ్లిజరిన్ ఎక్కువున్న క్రీములు వానాకాలంలో సరే. ఏప్రిల్, మే వడగాలిలో గాలిలో తేమే ఉండదు, గ్లిజరిన్ ఎక్కడినుంచి తెచ్చి పెడుతుంది?

చాలామంది షవర్ ఫిల్టర్ కొంటున్నారు. మామూలుగా దొరికేవాటిలో ఎక్కువ భాగం క్లోరిన్‌ను తగ్గించేవి. కఠినత్వాన్ని తగ్గించలేవు. బోరు నీళ్ళలో క్లోరినే ఉండదు కాబట్టి మనకది దండగ. సాఫ్ట్‌నర్ యంత్రం నిజంగా పనిచేస్తుంది, కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది. అయితే దానికి ఉప్పు బస్తాలు కావాలి, అది వదిలే ఉప్పు నీళ్ళు మొక్కలకు పనికిరావు, అద్దె ఇళ్ళవాళ్ళకు కుదరదు.

వెనిగర్ చిట్కా కూడా మన నీళ్ళ దగ్గర తిరగబడుతుంది. లీటరు నీళ్ళలో చెంచాడు వెనిగర్ కలిపి చివర్లో పోసుకోమంటారు. మన బోరు నీళ్ళలో కఠినత్వంతో పాటు క్షారత్వం, అంటే పులుపును విరిచే గుణం, కూడా ఎక్కువ. అది లీటరుకు 300 మిల్లీగ్రాములున్నా ఆ చెంచాడు వెనిగర్‌లోని పులుపును మొత్తం తినేస్తుంది. అంటే పోసుకుంటున్నది మళ్ళీ ఉత్త నీళ్ళే. వెనిగరైనా నిమ్మరసమైనా తాగడానికి కొనే ఆర్వో క్యాను నీళ్ళలో కలిపితేనే ఫలితం. క్యాను నీళ్ళే ఒకటి రెండు చెంబులు ఆఖర్న పోసుకున్నా మేలు. జుట్టు ఆరేటప్పుడు ఆవిరైపోయేది చివర్లో పోసిన నీళ్ళే, అందులో ఉన్నదే జుట్టు మీద మిగులుతుంది.

ఇక్కడ నా మనసు ఒప్పుకోని సంగతొకటి ఉంది. బిందె నీళ్ళకు వీధి చివరి దాకా పోయిన ఎండాకాలాలు చూసినవాళ్ళం. ఒక లీటరు ఆర్వో నీళ్ళు తయారవడానికి చాలాచోట్ల అంతకన్నా ఎక్కువ నీళ్ళు పారబోస్తారు. తాగే నీళ్ళు తలకు పోసుకోమని చెప్పడం న్యాయమేనా? దీని గురించి చాలా ఆలోచించాను. నెలంతా తలకు పోసుకునే ఆఖరి చెంబులన్నీ కలిపినా ఒక క్యాను దాటదు. మిగతా నీళ్ళు బోరువే. కాబట్టి వీలున్నవాళ్ళు పోసుకోవచ్చని ఒప్పుకున్నాను. వాన పడినప్పుడు డాబా మీద శుభ్రమైన బకెట్ పెట్టడం అన్నిటికన్నా మేలు, వాన నీళ్ళకన్నా మెత్తనివి లేవు. కానీ మన దగ్గర వాన ఎన్ని రోజులు?

ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నాను

జుట్టు మాట తీసి ఇంత రాయాలా అనొచ్చు. ఉంగరాల జుట్టున్న ఆడపిల్లకు ఊరంతా చెప్పే మాట ఒకటే, తల దువ్వుకో అని. దువ్వుకునే వచ్చిందని ఎవరూ నమ్మరు. ఒక అమ్మాయి ఇంటర్‌లో ఉండగా, జుట్టు నీట్‌గా లేదని తరగతి బయట నిలబెట్టారని నాతో చెప్పింది. తనది బోరు నీళ్ళున్న హాస్టల్. అలాంటి పిల్లలు డిగ్రీకి రాగానే చేతిలో నాలుగు డబ్బులు పడితే చేసే మొదటి పని పార్లర్‌కు పోయి స్మూతనింగ్, కెరటిన్ చేయించుకోవడం. అక్కడ వాడే క్రీముల్లో కొన్ని వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగమే తేల్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పి గ్లయాక్సిలిక్ యాసిడ్ వాడేవి ఉన్నాయి. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 26 ఏళ్ళ యువతి కేసు ఒకటి వచ్చింది. అలాంటి క్రీముతో జుట్టు సాఫీ చేయించుకున్న మూడుసార్లూ ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. నీళ్ళలోని కాల్షియం వల్ల పుట్టిన గరుకుదనానికి కిడ్నీని పణంగా పెట్టే పరిస్థితి రాకూడదు. అందుకే అడిగిన ప్రతి పిల్లకూ ముందు నీళ్ళ గురించి చెప్తున్నాను.

మా ల్యాబ్‌లో బ్యూరెట్ మళ్ళీ నింపాలా అని అడిగిన అమ్మాయికి నేను చెప్పినవాటిలో సగం కుదరవు. హాస్టల్లో ఆర్వో నీళ్ళు తాగడానికే వరసలో నిలబడాలి. ఎనిమిది వందల సీసా ఊసే లేదు. ఆమె వాడేది సాషే. సాషేను నేను చిన్నచూపు చూడను. 1983లో కడలూరు నుంచి మొదలైన చిక్ లాంటి షాంపూలు చిన్న ప్యాకెట్‌లో రాబట్టే పల్లెటూళ్ళలో తలకు షాంపూ అందింది. ఇప్పుడు కండిషనర్ సాషేలు కూడా కిరాణా కొట్లలో దొరుకుతున్నాయి. ఒక షాంపూ సాషే మగ్గులో కలిపి మాడుకు, రెండు కండిషనర్ సాషేలు కొసలకు అని చెప్పాను. అది చేశాక చిక్కు తీసుకోవడం సులువైందని చెప్పింది.

కీలేటింగ్ షాంపూ ఒక్కటే ఆ అమ్మాయికి అందలేదు. అవి పెద్ద సీసాల్లో, ఎక్కువగా ఆన్‌లైన్‌లో, ఈత కొట్టేవాళ్ళ కోసమన్నట్టు అమ్ముతున్నారు. నెలకు ఒకటి రెండుసార్లు వాడేదానికి పెద్ద సీసా ఎందుకు? దానికి సాషేనే తగిన కొలత. రెండు మూడు రూపాయల్లో, ఉప్పు నీళ్ళకని తెలుగులో ముందు వైపే రాసి ఏ కంపెనీ అయినా సీమ ఊళ్ళలో అమ్మి చూడాలి. మా హాస్టల్ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయనకు ఈ మాట చెప్తే, "అట్లాంటిది వస్తే పెట్టె తెప్పిస్తా మేడమ్" అన్నాడు.